రెండో డబ్బా

సూది కాలేయంలో ఉండగానే విజయరాణి బీపీ పడిపోయింది.

మానిటర్ మోత మొదలుపెట్టింది. నర్సు మంచాన్ని తలవైపు కిందికి వంచి సెలైన్ వేగం పెంచింది. రేడియాలజిస్టు అల్ట్రాసౌండ్ తెర మీంచి చూపు తిప్పకుండా, సూది బయటి గొట్టం కదలకుండా రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అప్పటికి ఒక్క ముక్క బయటికి వచ్చింది. దారపు పోగంత సన్నంగా, అంగుళం కూడా లేదు.

“ఇంకోటి తియ్యాలా, వద్దా?” అన్నాడు.

ఆ ప్రశ్న గది మూలలో ట్రాలీ మీద మైక్రోస్కోపు పెట్టుకుని నిలబడ్డ డాక్టర్ యూనిస్‌కి. ఆమె అమీర్‌పేటలోని ఒక ల్యాబ్‌లో పాథాలజిస్టు. తీసిన ముక్క సరిపోతుందో లేదో అక్కడికక్కడే చెప్పడానికి పంజాగుట్టలోని ఈ ఆస్పత్రి ఆమెను పిలిపించుకుంటుంది. రెండో ముక్క తీస్తే లోపల రక్తం కారడం ఎక్కువ కావచ్చు. తీయకుండా వదిలేస్తే, ఈ ఒక్క ముక్కలో ఏమీ దొరక్కపోతే, మళ్ళీ సూది గుచ్చించుకునే ఓపిక ఈ మనిషికి ఉండదు.

యూనిస్ ముక్కను పటకారుతో ఎత్తి గాజు స్లైడు మీద ఆనించి తీసింది. స్లైడును గాలికి ఆరనిచ్చింది. నీలం రంగులో ముంచి, కడిగి, అంచు తుడిచి మైక్రోస్కోపు కింద పెట్టింది. మానిటర్ మోగుతూనే ఉంది. ఆమె చేతులు తొందరపడలేదు.

ఆమె వెతికింది వలయాల కోసం. పిత్తాశయంలో, అందరూ గాల్‌బ్లాడర్ అనేదానిలో, సాధారణంగా వచ్చే క్యాన్సర్ కణాలు గ్రంథుల్లాగా గుండ్రంగా అల్లుకుంటాయి. మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. దాని పేరు అడినోకార్సినోమా. విజయరాణి పాత రిపోర్టులో ఉన్నది అదే. ఇన్ని నెలలుగా ఆమెకు ఎక్కిస్తున్న మందూ దానికే.

వలయాలు లేవు. చిన్న చిన్న కణాలు, ముదురు నీలం, ఆఫీసు వేళ మెట్రో పెట్టెలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి.

“చాలు. సూది తీసేయండి,” అంది.

రేడియాలజిస్టు గొట్టం లాగేసి దూదితో అదిమిపట్టాడు. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ డాక్టర్ కమలాకర్ మైక్రోస్కోపు దగ్గరికి వచ్చాడు. విజయరాణికి కీమో ఇస్తున్నది ఆయనే.

“క్యాన్సరేనా?”

“క్యాన్సరే. మీరు వైద్యం చేస్తున్న క్యాన్సర్ మాత్రం కాదు.”

కమలాకర్ వంగి కంటిగొట్టంలో చాలాసేపు చూశాడు. ఈలోగా బీపీ మెల్లగా పైకి రావడం మొదలైంది. విజయరాణి కళ్ళు తెరిచింది. తెల్లగుడ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పైన వంగి ఉన్న యూనిస్‌ను కాసేపు చూసింది.

“మీ జాకెట్ ఎవరు కుట్టిండ్రు మేడం?” అంది పీలగొంతుతో. “సంక కాడ గుంజుతుంది.”

యూనిస్‌కు నవ్వొచ్చింది. కొన్నదేనని చెప్పింది. అందుకేనన్నట్టు విజయరాణి తల ఊపి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

బయట వరండాలో ఆమె భర్త ఇస్తారి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టళ్ళ సందులో ఇద్దరికీ కలిపి ఒక టైలరింగ్ షాపు ఉంది. ఆమె కొలతలు తీసి కత్తిరిస్తుంది, ఆయన కుడతాడు. నెలల నుంచీ షాపు సగం రోజులు మూసే ఉంటోంది. కూతురు మమత మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్‌లో పనిచేస్తుంది. తండ్రికి నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని, ఆయన వైపు చూడకుండానే మాట్లాడుతోంది.

“ఇంకో సీసా తెచ్చినవా బాపు? గీ సూదులు సాలుతలేవు గదా అమ్మకు.”

రెండో కీమో అయ్యాక విజయరాణికి కళ్ళు పచ్చబడితే ఇస్తారి ఆమెకు కామెర్ల పసరు ఒకసారి తాగించాడు. ఎవరో చెప్పారు, తెచ్చాడు, తాగించాడు. ఆ సంగతి తెలిసిన రోజున కమలాకర్ పదిమంది ముందు ఆయన్ను నిలబెట్టి కడిగేశాడు. ఆ తర్వాతి స్కాన్‌లో కాలేయంలోని గడ్డలు రెండింతలు కనిపించాయి. ఇక ఆ ఇంట్లో లెక్క తేలిపోయింది. మందు మంచిదే, పసరు దాన్ని చెడగొట్టింది.

“ఒక్కసారే తాపిన బిడ్డా,” అన్నాడు ఇస్తారి చివరికి.

“ఒక్కసారికే గిట్లయింది.”

తలుపు తీసుకుని వచ్చిన యూనిస్ ఆ మాటలు విన్నది. కమలాకర్ ఆమెను తన గదిలోకి తీసుకెళ్ళి కంప్యూటర్ తెర తిప్పి చూపించాడు. రక్తపరీక్షలో క్యాన్సర్ జాడ చెప్పే అంకె మొదట్లో ఉన్నదానిలో మూడోవంతుకు దిగింది. అంటే మందు పనిచేస్తోంది. స్కాన్‌లో గడ్డలు పెరిగాయి. అంటే మందు పనిచేయడం లేదు. ఇన్నాళ్ళూ ఆయన ఈ తిరకాసును పసరు ఖాతాలో వేసి ఊరుకున్నాడు.

“పసరు కాలేయాన్ని దెబ్బతీస్తే తియ్యచ్చు,” అంది యూనిస్. “ఒక క్యాన్సర్‌ను ఇంకో క్యాన్సర్‌గా మార్చలేదు.”

ఆమె అనుమానం నిజమైతే మందు మార్చాలి. ఆ కొత్త మందును శరీరం నుంచి బయటికి పంపేది ఎక్కువగా కాలేయమే. పిత్తం దిగడానికి లోపల గొట్టం వేసినా కామెర్లు తగ్గడం లేదు. ఇంకొంచెం పెరిగితే ఆ మందు ఇవ్వడానికి తనకు చెయ్యి రాదని కమలాకర్ తేల్చి చెప్పాడు. చేతిలో ఉన్నది ఈ వారం. ఈలోగా ఇది పిత్తాశయం నుంచే వచ్చిందా, మరెక్కడి నుంచైనా వచ్చిందా తెలియాలి.

యూనిస్ పాత ముక్క కావాలంది. ఆపరేషన్ చేసి తీసిన పిత్తాశయాన్ని పరీక్షించిన పంజాగుట్ట ల్యాబ్‌లో, దాని ముక్కను పోతపోసి ఉంచిన మైనపు దిమ్మ భద్రంగా ఉంటుంది. సంతకం పెట్టి ఇంటివాళ్ళు తెచ్చుకోవాలి. కమలాకర్ కిటికీలోంచి వరండాలోకి చూసి, ముసలాయన్ను పంపిస్తానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి అమీర్‌పేట ల్యాబ్‌లో కాలేయం ముక్క మీద ప్రత్యేక రంగులు పట్టాయి. నరాల కణాలకు, హార్మోన్లు తయారుచేసే కణాలకు ఉండే గుర్తులను మొదటి రంగు వెతికి పట్టుకుంటుంది. గుర్తు ఉంటే గోధుమరంగు తేలుతుంది, లేకపోతే ఏమీ తేలదు. స్లైడు ఈ చివర నుంచి ఆ చివర దాకా గోధుమరంగే. రెండో స్లైడు కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చెప్పేది. దాదాపు ప్రతి కణమూ మెరిసింది. యూనిస్ కమలాకర్‌కు ఫోన్ చేసింది. న్యూరోఎండోక్రైన్ కార్సినోమా, చిన్న కణాల రకం, బాగా ఉధృతమైనది.

అప్పటికే ఇస్తారి మైనపు దిమ్మను చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును చొక్కా జేబులో పెట్టి తెచ్చాడు. యూనిస్ దాన్ని మంచుగడ్డ మీద చల్లబరిచి, పల్చటి పొరలుగా కోసే యంత్రానికి బిగించింది. చక్రం తిప్పుతుంటే మైనం రిబ్బన్‌లా ఊడి వచ్చింది. దాన్ని గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలి, ముడత విప్పుకున్నాక స్లైడుతో ఎత్తింది. ఈ పనికి టెక్నీషియన్లున్నారు. ఇవాళ ఆమెకు వేరే చేతుల మీద నమ్మకం పెట్టే ఓపిక లేదు.

రంగు వేసి చూసింది. వలయాలు. పాఠ్యపుస్తకంలో బొమ్మలా అందమైన వలయాలు. పంజాగుట్ట ల్యాబ్ ఇచ్చిన రిపోర్టులో అక్షరం తప్పు లేదు. మళ్ళీ బిగించి ఇంకా లోతుగా కోసింది. అవే వలయాలు. ఒక్క నీలి కణం లేదు.

కమలాకర్ ఫోన్లో నిట్టూర్చాడు. అయితే కాలేయంలో ఉన్నది వేరే చోటి నుంచి వచ్చి ఉండాలి. ఊపిరితిత్తులు వెతకాలి, ఒళ్ళంతా స్కాన్ తీయాలి, మెదడు చూడాలి. వారం గడిచిపోతుంది.

“కామెర్లు ఆగవు మరి,” అన్నాడు. “ఆమెకు ఆ వారం లేదు మేడం.”

యూనిస్ బయటికి వచ్చింది. ఇస్తారి కౌంటర్ పక్క బెంచీ మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పని అయిపోయిందని, ఇంటికి వెళ్ళొచ్చని చెప్పింది. ఆయన లేచి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

“మేడం, అది సగమే గదా. తక్కిన సగంల ఏమన్న కనవడ్డదా?”

యూనిస్‌కు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. ఆపరేషన్ అమీర్‌పేటలో ఒక నర్సింగ్‌హోమ్‌లో, డాక్టర్ శ్యాంసుందర్ చేశాడు. రాళ్ళున్నాయని తీశాడు. అలవాటు ప్రకారం థియేటర్ తలుపు దగ్గరికి స్టీలు ట్రే తెచ్చి, తీసిన పిత్తాశయాన్ని ఇంటివాళ్ళకు చూపించాడు. గోడ ఒకచోట గట్టిగా ఉంది, పరీక్షకు పంపాలన్నాడు. మమతే రెండు చోట్ల చూపిద్దామంది. ఒక్క ల్యాబ్‌ను నమ్మొద్దని ఆమె ఆఫీసులో ఎవరో చెప్పారు. శ్యాంసుందర్ అక్కడే, వాళ్ళ కళ్ళ ముందే, కత్తెరతో నడిమికి కత్తిరించి రెండు డబ్బాల్లో వేశాడు.

“రెండు సుత నేనే పట్కపోయిన. ఒకటి పంజాగుట్టల ఇచ్చిన.”

“రెండోది?”

“ఈడనే ఇచ్చిన మేడం. గీ కౌంటర్లనే.”

కౌంటర్ వెనక అమ్మాయి తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. యూనిస్ ఆయన్ను కూర్చోమని, తానూ పక్కన కూర్చుంది. రిపోర్టు ఇవ్వలేదా అని అడిగింది. ఇవ్వలేదు. శాంపిల్ ఖరాబైందన్నారు. శ్యాంసుందర్‌ను అడిగితే, ఒకటి వచ్చింది కదా, చాలన్నాడు. చదువుకున్నవాళ్ళు చాలన్నాక తను ఇంకేం అడుగుతాడు?

శాంపిల్ ఖరాబైతే పారేస్తారు. కానీ డబ్బాలోంచి తీసి మైనంలో పోశాక ఏ ల్యాబూ దిమ్మను పారేయదు.

యూనిస్ మెట్లు దిగి స్టోర్‌రూమ్‌కు వెళ్ళింది. కిటికీ లేని గది. గోడల నిండా సొరుగులు. బుచ్చయ్య స్టూలు మీద కూర్చుని దిమ్మలను వరస ప్రకారం సర్దుతున్నాడు. ఒకప్పుడు పై అంతస్తులో ముక్కలు కోసే బల్ల దగ్గర పనిచేసేవాడు. ఆమె వైజాగ్‌లో సదస్సుకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి అతన్ని ఇక్కడికి దించేశారు. రెండు శాంపిళ్ళు తారుమారు చేశాడని అన్నారు. ఆమె అప్పుడు అంతకు మించి అడగలేదు.

ఆమె నర్సింగ్‌హోమ్ పేరు, విజయరాణి పేరు చెప్పింది. బుచ్చయ్య చేతిలో దిమ్మ అలాగే ఆగిపోయింది.

“గాల్‌బ్లాడర్ గదా మేడం. నన్ను ఈ గుంతల పడేసింది గదే. నేను ఎట్ల మరుస్త?”

లేచి, వెతకకుండానే ఒక సొరుగు లాగాడు.

ఆ రోజు ఒకే విడతలో రెండు ముక్కలు వచ్చాయి. ఒకటి ఎవరిదో ఊపిరితిత్తి. అందులో చిన్న కణాల క్యాన్సర్, ఊపిరితిత్తుల్లో తరచు కనిపించేదే. రెండోది ఈ పిత్తాశయం. అప్పట్లో ఇక్కడ పనిచేసి, తర్వాత వేరే ఊరు వెళ్ళిపోయిన కేదార్ అనే కుర్ర డాక్టర్ రెండింటికీ చిన్న కణాల క్యాన్సరే రాశాడు. తర్వాత పిత్తాశయం రిపోర్టు రద్దయింది. బుచ్చయ్య ఊపిరితిత్తి ముక్కనే రెండు డబ్బాల పేర్ల మీదా పెట్టాడన్నారు. అతను కాదన్నాడు. ఎవరూ వినలేదు.

యూనిస్ దిమ్మను పైకి తీసుకెళ్ళి తానే కోసింది, తానే రంగు వేసింది. బుచ్చయ్య అడక్కుండానే వెనక వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ముదురు నీలం కణాలు. తోసుకుంటూ, నలుపుకుంటూ, నిన్న కాలేయం ముక్కలో చూసినవే. ఆమె స్లైడును మెల్లగా పక్కకు జరిపింది. ఇంకా పక్కకు. అంచున ఒక సన్నటి పట్టీ కనిపించింది. మడతలు మడతలుగా, కుచ్చిళ్ళు పోసినట్టు పిత్తాశయం లోపలి పొర. ఊపిరితిత్తిలో ఆ పొర ఉండదు. నీలి కణాలు సరిగ్గా ఆ పొర కింద నుంచే పుట్టుకొస్తున్నాయి. మూలకు వెళితే, పొర తెగినచోట, కత్తెర పడ్డ అంచుకు ఆనుకుని నాలుగైదు వలయాలు. నీలి కణాల మధ్య చిక్కుకున్న వలయాలు.

ఒకే గడ్డ. అందులో రెండు క్యాన్సర్లు కలిసి పెరిగాయి. శ్యాంసుందర్ కత్తెర వాటి నడుమ నుంచి వెళ్ళింది. ఒక ల్యాబ్‌కు ఒక క్యాన్సర్ వెళ్ళింది, ఇంకో ల్యాబ్‌కు ఇంకోటి. రెండు రిపోర్టులూ నిజమే. ఇన్నాళ్ళూ కమలాకర్ మందు మొదటిదాన్ని చంపుతూ వచ్చింది. రెండోది దాని పక్క నుంచి తప్పుకుని కాలేయానికి చేరింది.

“బుచ్చయ్యా, నువ్వు మార్చలేదు,” అంది.

బుచ్చయ్య గుమ్మాన్ని పట్టుకున్నాడు. “గీ మాట జర పైన సుత చెప్పుండ్రి మేడం,” అన్నాడు.

యూనిస్ ముందు శ్యాంసుందర్‌కు ఫోన్ చేసింది. అతని గొంతు పట్టుకోవాలన్నంత కోపంతో చేసింది. అతను దాచలేదు. రెండు రిపోర్టులు రెండు రకాలుగా వస్తే తాను ఫోన్ చేసిన మాట నిజమే. కానీ రద్దు చేయమనలేదు. స్లైడు మరోసారి చూడమన్నాడు, అంతే. అరగంటలో జవాబు వచ్చింది. స్వయంగా చూశానని, శాంపిల్ తారుమారైందని, పంజాగుట్ట రిపోర్టే నమ్మమని.

“ఎవరు చెప్పారు మీకు?” అని అడిగింది.

జవాబు విని ఫోన్ పెట్టేసింది.

డాక్టర్ సాలమన్ ల్యాబ్ యజమాని. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేసి రిటైరయ్యాడు. యూనిస్‌కు మైక్రోస్కోపు నాబ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. పెళ్ళికి చర్చిలో సాక్షి సంతకం పెట్టింది కూడా ఆయనే. ఆమె స్లైడు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద మైక్రోస్కోపు కింద పెట్టి, పక్కకు తప్పుకుంది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. పట్టీ దగ్గర ఆగాడు. మూలన వలయాల దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు.

“మిక్స్‌డ్,” అన్నాడు. “చాలా అరుదమ్మా. నా సర్వీసు మొత్తంలో ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.”

“అప్పుడు ఈ స్లైడు చూశారా సార్?”

ఆయన కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. “అదే విడతలో ఊపిరితిత్తి ఉంది. పంజాగుట్టవాళ్ళు గ్రంథుల క్యాన్సర్ అంటున్నారు. పిత్తాశయంలో చిన్న కణాలు ఏంటి? చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. రెండు ల్యాబ్‌లు రెండు మాటలంటే ఒకటి తప్పు.”

“అని మీరే నేర్పారు మాకు.”

“నేర్పాను,” అన్నాడు. తన దగ్గర అంత తేలిగ్గా అర్థమైపోయిన కేసు అంతకుముందు ఎప్పుడూ లేదని మాత్రం, ఆమెతో కాకుండా ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

రేపు తానూ పంజాగుట్ట వస్తానన్నాడు. జబ్బు ఎంత అరుదైనదో తానూ చెబుతానన్నాడు. మందు మారుతుంది, పేషెంటుకు కావలసింది అదే. పాత సంగతి ఎత్తితే మందు మారదు, ల్యాబ్ మూతపడుతుంది, ఇరవైమంది రోడ్డున పడతారు. తప్పదంటే ల్యాబ్ పొరపాటు అనమన్నాడు.

“ల్యాబ్ అంటే ఎవరూ కాదు కదమ్మా,” అన్నాడు. గొంతులో ఆజ్ఞ లేదు. అడుక్కుంటున్నట్టుంది.

యూనిస్ స్లైడు తీసుకుని వచ్చేసింది. ఇంటికి వెళ్ళేటప్పుడు మెట్రోలో నిలబడి ఆ మాట లోలోపల రెండుమూడు సార్లు అని చూసుకుంది. ల్యాబ్ పొరపాటు. నాలుక మీద ఎక్కడా తగలకుండా జారిపోయింది.

మర్నాడు పొద్దున కామెర్ల అంకె ఇంకా పెరిగింది, కమలాకర్ గీసుకున్న గీత మాత్రం దాటలేదు. కమలాకర్ మందు తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టించాడు. విజయరాణి గదిలో అందరూ చేరారు. సాలమన్‌కు కుర్చీ వేశారు. మమత సంతకం కాగితాలతో మంచం పక్కన, ఇస్తారి ఎప్పటిలాగే తలుపు దగ్గర. యూనిస్ గోడవారగా నిలబడింది.

కమలాకర్ నిదానంగా, అర్థమయ్యేలా చెప్పాడు. ఒక గడ్డలో రెండు జబ్బులున్నాయి. ఒకదాన్ని మందు అణచింది, రెండోది కాలేయంలోకి పోయింది. ఇప్పుడిచ్చే మందు రెండోదానికి. పూర్తిగా నయం చేస్తుందని చెప్పలేడు. అయితే ఈ రకం గడ్డలు ఈ మందుకు చాలాసార్లు త్వరగా కరుగుతాయి. కరిగితే కామెర్లు తగ్గుతాయి, మళ్ళీ షాపులో కూర్చునే నెలలు దొరుకుతాయి. ఇవాళే మొదలుపెట్టాలి. రేపటికి కాలేయం ఒప్పుకోకపోవచ్చు.

మమత పెన్ను మూత తీసి తల్లికి అందించింది. విజయరాణి అందుకోలేదు.

“నేను పెట్ట,” అంది.

మమత బతిమాలింది. కమలాకర్ మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయాడు. విజయరాణి చెయ్యి ఎత్తి ఆపింది. మంచం మీద వెనక దిండు సర్దుకుని, ఊపిరి అందేదాకా ఆగి మాట్లాడింది.

“మందు మంచిదే, మీ ఆయన పసరు తాపి చెడగొట్టిండని మీరే అన్నరు గద సారూ. నమ్మిన. గీ పిల్ల తండ్రితోని మంచిగ మాట్లాడుడు బంద్ జేసింది. ఇప్పుడు ఇంకో మందు అంటున్నరు. పసరు తాగిన ఒళ్ళే గదా, ఇది సుత చెడుతది. ఊకె ఎందుకు పొడిపిచ్చుకోవాలె?”

“పసరు వల్ల కాదమ్మా,” అన్నాడు కమలాకర్. ఆ మాట ఆయన తొందరగా అన్నాడు.

“మరి ఎవరి వల్ల?”

“ఎవరి తప్పూ కాదు. అరుదైన జబ్బు.”

“చాలా అరుదైనది,” అన్నాడు సాలమన్ కుర్చీలోంచి.

విజయరాణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నవ్విందో, నొప్పికి మూతి బిగించిందో తెలియలేదు.

“ఎవరి తప్పు కాదంటే మా ఇంట్ల మళ్ళ గాయన మీదికే వస్తది సారూ. నేను పోయినంక ఇంకింత వస్తది. ఇన్ని దినాలు అందరు కలిసి ఒక పేరు చెప్పిండ్రు. ఇయ్యాల పేరే లేదంటే ఎట్ల? గాయన పేరు తీసెయ్యాలంటే ఇంకో పేరు చెప్పుండ్రి. అప్పుడు ఇది మందు తప్పు కాదు, నా ఒళ్ళు తప్పు కాదని నమ్ముత. సంతకం పెడ్త.”

ఇస్తారి తలుపు దగ్గర కదిలాడు. “ఇడిసిపెట్టు రాణీ. నాదే అనుకో. సంతకం పెట్టు.”

“నువ్వు జర ఊకో.”

కమలాకర్ యూనిస్ వైపు చూశాడు. ఆయనకు స్లైడు సంగతి తెలుసు, మిగతాది తెలియదు. యూనిస్ గోడ దగ్గర నుంచి మంచం దగ్గరికి వచ్చింది.

రెండో డబ్బా సంగతి చెప్పింది. అది తమ దగ్గరికే వచ్చిందని, శాంపిల్ ఖరాబు కాలేదని, అందులో ఉన్న జబ్బును అప్పుడే సరిగ్గా చదివి రాశారని చెప్పింది. ఆ రిపోర్టు బయటికి వచ్చి ఉంటే మందు మొదటి నుంచే వేరేది అయ్యేదని చెప్పింది. స్లైడు చూడకుండానే, చూశానని చెప్పి దాన్ని రద్దు చేశారని చెప్పింది. మమత చేతిలో కాగితాలు ఒకదాని మీంచి ఒకటి జారాయి. ఆమె తలుపు వైపు చూసింది. నెలల తర్వాత మొదటిసారి తండ్రి ముఖం వైపు చూసింది.

“ఎవరు రద్దు చేసిండ్రు?” అంది మమత.

“మా ల్యాబ్,” అంది యూనిస్.

విజయరాణి తల అడ్డంగా ఊపింది. “ల్యాబ్ అంటే బిల్డింగ్ గద మేడం. నేను పేరు అడిగిన.”

సాలమన్ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమెను ఆపలేదు. ఆపమన్నట్టు చూడనూ లేదు. యూనిస్ ఆయన వైపు తిరిగింది. ఆయన ముందు నిలబడి జవాబు చెప్పడం ఆమెకు పద్దెనిమిదేళ్ళ నాటి అలవాటు. తప్పు జవాబుకు ఆయన ఎప్పుడూ కేకలు వేసేవాడు కాదు. మళ్ళీ చూడు అనేవాడు.

“డాక్టర్ సాలమన్,” అంది. “ఆ కుర్చీలో కూర్చున్న మా సార్.”